చిన్న మోటారు సైకిల్ ఇంజన్ పై భాగపు కూర్పు: క్రమం, కొలత, పరిభాష

వ్యాససంగ్రహం:

ఒకే సిలిండరు కలిగి, గాలితో చల్లబడే నాలుగు స్ట్రోకుల మోటారు సైకిల్ ఇంజన్ పై భాగాన్ని విప్పి, బాగుచేసి, తిరిగి కూర్చే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. 97.2 సి.సి. ఇంజన్‌ను ఉదాహరణగా తీసుకుని, ప్రతి దశకు వెనుక ఉన్న భౌతిక కారణాన్ని కొలతలతో చూపుతుంది. “విప్పిన క్రమాన్ని తలకిందులు చేస్తే కూర్పు పూర్తవుతుంది” అనే వాడుక సూత్రం ఎందుకు చాలదో నిరూపించడం ఈ వ్యాసం ప్రధాన లక్ష్యం. ఈ విద్యను తెలుగులో రాయదలచినవారు మరమ్మతు షెడ్డులోని మాటలను, పాఠ్యపుస్తక పరిభాషను ఏ మేరకు స్వీకరించవచ్చో కూడా ప్రసంగవశాత్తు చర్చిస్తుంది.

కీలకపదాలు: పిస్టన్, రింగులు, బోరు, హెడ్డు, వాల్వు, టైమింగ్, ట్యాపెట్, వృత్తి పదజాలం, సాంకేతిక రచన.

1. ఉపోద్ఘాతం:

1958లో జపాన్‌కు చెందిన హోండా సంస్థ సూపర్ కబ్ అనే చిన్న వాహనాన్ని విడుదల చేసింది. దాని తొలి ఇంజన్ పరిమాణం 49 సి.సి. ముందుకు వాలి దాదాపు నేలకు సమాంతరంగా ఉండే సిలిండరు దాని ప్రత్యేకత. తరువాతి కాలంలో ఈ ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ హెడ్డులోకి చేరి, చైనుతో తిరగడం మొదలైంది. 2017 నాటికి ఈ వరుస వాహనాల మొత్తం ఉత్పత్తి 10 కోట్లకు చేరింది. మన దేశంలో హీరో హోండా 1985లో తెచ్చిన సి.డి. 100, 1994లో తెచ్చిన స్ప్లెండర్ ఇదే నిర్మాణ సంప్రదాయానికి చెందినవి. తెలుగు రాష్ట్రాల్లో పల్లెకూ పట్నానికీ మధ్య పాలు, కూరగాయలు, మనుషులు ప్రయాణించిన బండ్లలో ఇవి ముఖ్యమైనవి. కాబట్టి ఈ ఇంజన్‌ను విప్పి బిగించే విద్య మన సమాజంలో చాలామంది చేతుల్లో ఉంది. తెలుగు పుస్తకాల్లో మాత్రం దానికి దక్కిన చోటు తక్కువ.

ఇంజన్ “పై భాగం” అంటే బోరు, పిస్టన్, రింగులు, హెడ్డు, వాల్వులు, క్యామ్‌షాఫ్ట్, దాన్ని తిప్పే చైను. క్రాంకు, గేర్లు కింది భాగానికి చెందుతాయి. సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ రావడం, నూనె తగ్గిపోవడం, కిక్కు కొడితే కాలికి ఎదురుబలం తగలకపోవడం పై భాగం అరిగిందనడానికి లక్షణాలు. అప్పుడు మెకానిక్ “బండి బోరుకొచ్చింది” అంటాడు. ఆ ఒక్క మాటలో రోగ నిర్ణయం, చికిత్స, ఖర్చు మూడూ ఉన్నాయి.

2. కూర్పు విప్పడానికి తలకిందులు కాదు:

మరమ్మతు పుస్తకాల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: విప్పిన క్రమానికి వ్యతిరేక క్రమంలో బిగించాలి. భాగాల వరుస వరకు ఇది నిజమే. అయితే విప్పేటప్పుడు అవసరం పడని మూడు నిర్ణయాలు కూర్చేటప్పుడు తప్పనిసరి అవుతాయి. మొదటిది కొలత: ఈ భాగం ఇంకా పనికివస్తుందా? రెండవది దిశ: ఇది ఎటు తిరిగి ఉండాలి? మూడవది బిగువు: ఎంత బలంతో పట్టి ఉండాలి?

మరొక భేదం కూడా ఉంది. కూర్పులో ప్రతి దశ ముందు దశను కప్పేస్తుంది. పిస్టన్ బోరులోకి వెళ్లాక రింగులు కనిపించవు. హెడ్డు కూర్చున్నాక పిస్టన్ కనిపించదు. తప్పు జరిగితే దానిని చేరడానికి దాని మీద జరిగిన పనినంతా విప్పుకుంటూ రావాలి. అందువల్ల ఒక భాగం కంటికి కనిపించే చివరి క్షణంలోనే దాన్ని సరిచూసుకోవడం ఈ విద్యలోని మౌలిక నియమం.

3. కొలత దశ:

3.1 బోరు: ఈ ఇంజన్ బోరు వ్యాసం 50 మి.మీ., స్ట్రోకు 49.5 మి.మీ. వృత్త వైశాల్యాన్ని స్ట్రోకుతో గుణిస్తే 97.2 సి.సి. వస్తుంది. బోరు అరుగుదల అంతటా ఒకేలా ఉండదు. రింగులు పైన ఆగి వెనుదిరిగే చోట ఒత్తిడి, వేడి ఎక్కువ, నూనె పొర పలుచన. కాబట్టి అరుగుదల అక్కడ ఎక్కువగా ఉంటుంది. కనెక్టింగ్ రాడ్డు వాలుగా నెట్టడం వల్ల పిస్టన్ పిన్నుకు అడ్డంగా ఉన్న దిశలో కూడా గోడ ఎక్కువగా అరుగుతుంది. అంటే గుండ్రని బోరు క్రమంగా కోలగా, పైకి వెడల్పుగా మారుతుంది. అందుకే పై, మధ్య, కింది స్థాయుల్లో, ఒక్కో స్థాయిలో లంబంగా ఉన్న రెండు దిశల్లో, మొత్తం ఆరు కొలతలు తీసుకోవాలి. ఒకే కొలత తీసుకుంటే బోరు బాగానే ఉందన్న భ్రమ కలుగుతుంది.

అరుగుదల పరిమితి దాటితే బోరును లేత్ షాపులో పెద్దది చేయించి, దానికి తగిన పెద్ద పిస్టన్ వేస్తారు. ఇవి 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. మెట్లలో లభిస్తాయి. 0.50 పెంచితే ఇంజన్ పరిమాణం 99.1 సి.సి., 1.00 పెంచితే 101.1 సి.సి. అవుతుంది. ఈ పెరుగుదల స్వల్పం. బోరింగ్ చేయిస్తే బండికి బలం పెరుగుతుందని కొందరు నమ్ముతారు. నిజానికి అప్పుడు అనుభవంలోకి వచ్చేది అరుగుదలతో పోయిన కంప్రెషన్ తిరిగి రావడమే.

3.2 పిస్టన్: పిస్టన్ చూపుకు గుండ్రంగా కనిపించినా, వేడికి వ్యాకోచించడాన్ని దృష్టిలో పెట్టుకుని దాన్ని కొద్దిగా కోలగా, తలవైపు సన్నగా తయారుచేస్తారు. కనుక దాని వ్యాసాన్ని స్కర్టు కింది అంచుకు కొంచెం పైన, పిన్నుకు లంబంగా ఉన్న దిశలో కొలవాలి. బోరు కొలత నుంచి ఈ కొలతను తీసివేస్తే వచ్చేది పిస్టన్ ఖాళీ. అల్యూమినియం మిశ్రమం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఖాళీ చాలకపోతే వేడెక్కిన పిస్టన్ గోడను పట్టుకుంటుంది. “ఇంజన్ పట్టేసింది” అన్న మాటకు అర్థం అదే. ఖాళీ ఎక్కువైతే పిస్టన్ అటూ ఇటూ కొట్టుకుని శబ్దం చేస్తుంది.

3.3 రింగు చివరల ఖాళీ: రింగు తెగిన వలయం. పాడాన్ని సరిచూడడానికి రింగును ఒంటరిగా బోరులో పెట్టి, పిస్టన్ తలతో సమంగా కిందికి నెట్టి, దాని రెండు చివరల మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో కొలవాలి. 50 మి.మీ. బోరు చుట్టుకొలత 157 మి.మీ. రింగు బోరుకన్నా 100 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడెక్కిందనుకుందాం. పోత ఇనుము ఒక్కో డిగ్రీకి తన పొడవులో లక్షకు 1.1 వంతు పెరుగుతుంది. ఆ లెక్కన రింగు పొడవు సుమారు 0.17 మి.మీ. పెరుగుతుంది. ఖాళీ అంతకన్నా తక్కువైతే చివరలు ఒకదానినొకటి ఢీకొంటాయి. రింగు గోడను గీస్తుంది లేదా విరుగుతుంది. ఖాళీ మరీ ఎక్కువైతే పేలిన వాయువు కిందికి జారిపోతుంది. “కొత్త రింగే కదా, చూడనక్కరలేదు” అనే ధోరణి ఎందుకు ప్రమాదకరమో ఈ చిన్న లెక్క చెబుతుంది.

4. దిశ దశ: రింగులు, పిస్టన్

పిస్టన్ మీద మూడు గాళ్లు ఉంటాయి. అడుగున ఉన్నది నూనె రింగు. ఇందులో అలల వంటి స్పేసరు, దానికి పైనా కిందా రెండు పలుచని రేకులు ఉంటాయి. దాన్ని ముందుగా ఎక్కించాలి. తరువాత రెండవ రింగు, చివర మొదటి రింగు. ఈ రెండు చూపుకు ఒకేలా ఉన్నా అంచుల ఆకారంలో, పూతలో భేదం ఉంటుంది. గుర్తు ఉన్న ముఖం పైకి ఉండాలి. తలకిందులైతే నూనెను కిందికి గీకవలసిన రింగు దాన్ని పైకి నెడుతుంది. కొత్త రింగులు వేసినా పొగ తగ్గని బండ్లలో ముందుగా అనుమానించవలసినది దీన్నే.

మూడు రింగుల తెగిన చోట్లు ఒకే వరుసలో రాకుండా 120 డిగ్రీల ఎడంతో ఉంచాలి. నూనె రింగులోని రెండు రేకుల చివరలను కూడా ఒకదాని మీద ఒకటి రానివ్వకూడదు. వరుసగా వస్తే వాయువుకు నేరుగా దారి దొరుకుతుంది.

పిస్టన్ తలమీద “ఐ.ఎన్.” అనే అక్షరాలుంటాయి. అవి పెట్రోలు మిశ్రమం లోపలికి వచ్చే వాల్వు వైపు ఉండాలి. వాలు సిలిండరు ఉన్న ఈ ఇంజన్‌లో అది పైవైపు. తల మీది వాల్వు పల్లాలు ఆ వాల్వులకు ఎదురుగా రావాలంటే ఈ దిశ తప్పనిసరి.

పిస్టన్ పిన్నుకు నూనె రాసి ఎక్కించాక, దాని రెండు కొసలకు లాకులు వేయాలి. పాత లాకులను తిరిగి వాడకూడదు. ఒకసారి వంగి తీసిన తీగకు మొదటి బిగువు ఉండదు. లాకు తెగిన భాగం పిస్టన్ మీది కోతకు ఎదురుగా రాకూడదు. ఈ పనికి ముందు క్రాంకు గది మూతిని శుభ్రమైన గుడ్డతో నింపాలి. వేలి నుంచి ఎగిరిన లాకు ఆ గదిలో పడితే, పై భాగపు పని కాస్తా ఇంజన్ మొత్తం విడదీసే పనిగా మారవచ్చు. ఒక గుడ్డముక్క ఒక రోజు పనిని కాపాడుతుంది. ఆ గుడ్డను తీయడం మరచిపోకూడదన్నది కూడా ఇదే నియమంలో రెండవ సగం.

5. బోరు, హెడ్డు ఎక్కించడం:

పాత ప్యాకింగ్ తునకలను గీకి, రెండు ముఖాలనూ శుభ్రం చేసి, డవల్ పిన్నులను, కొత్త ప్యాకింగ్‌ను పెట్టాలి. నూనె దారికి ప్యాకింగ్ అడ్డం రాలేదని ఇక్కడే చూసుకోవాలి. తరువాత పిస్టన్, రింగులు, బోరు గోడలకు ఇంజన్ ఆయిల్ రాయాలి. బోరు కింది అంచు లోపలివైపు వాలుగా చెక్కి ఉంటుంది కనుక, రింగులను ఒక్కొక్కటిగా వేళ్లతో నొక్కుతూ బోరును నెమ్మదిగా జరపవచ్చు. ఎక్కడైనా ఆగితే బలం ప్రయోగించకూడదు. ఆ ఆగడం ఒక రింగు గాడిలోంచి బయటకు నిలిచిందని చెప్పే సూచన. సుత్తితో కొట్టడమంటే ఆ సూచనను వినకపోవడం. ఈ సమయంలోనే టైమింగ్ చైనును తీగతో కట్టి బోరు పక్కనున్న గది గుండా పైకి లాగాలి. తీగ వదిలితే చైను కింది చక్రం మీంచి జారుతుంది.

హెడ్డు ఎక్కించే ముందు వాల్వుల పని పూర్తి కావాలి. వాల్వు ముఖాన్ని దాని పీఠంతో గ్రైండింగ్ పేస్టుతో రుద్ది, చుట్టూ తెగని, ఒకే వెడల్పు గల బూడిదరంగు పట్టీ ఏర్పడేలా చూడాలి. తరువాత పేస్టును పూర్తిగా కడగాలి. రాపిడి రేణువు ఒక్కటి మిగిలినా అది ఇంజన్‌లో తన పని కొనసాగిస్తుంది. స్ప్రింగులో చుట్లు దగ్గరగా ఉన్న కొస హెడ్డువైపు ఉండాలి. కూర్పు అయ్యాక వాల్వు దారిలో కొద్దిగా కిరోసిన్ పోసి, దహన గదిలోకి చెమ్మ రావడం లేదని నిర్ధారించుకోవాలి. హెడ్డు మూసుకున్నాక ఈ పరీక్షకు అవకాశం ఉండదు.

6. బిగువు దశ:

హెడ్డు నట్లు నాలుగు. వాటిని మూలకు ఎదురుమూలగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. ఒక మూలను ముందే పూర్తిగా బిగిస్తే హెడ్డు వాలి, ప్యాకింగ్ ఒకవైపు నలిగి, ఎదుటివైపు వదులుగా మిగులుతుంది. నూనె పైకి వెళ్లే దారిలోని స్టడ్డుకు రాగి వాషరు ఉన్న ఇంజన్లలో దాన్ని ఆ స్థానంలోనే వేయాలి.

ఈ బిగువు ఎందుకు కావాలో లెక్క చూద్దాం. దహన సమయంలో గరిష్ఠ పీడనం 50 బార్లు అనుకుంటే, 19.6 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం మీద హెడ్డును పైకి నెట్టే బలం సుమారు 9,800 న్యూటన్లు. అంటే దాదాపు ఒక టన్ను బరువు. నాలుగు స్టడ్డులు కలిసి దీనికి మించిన బలంతో హెడ్డును పట్టి ఉంచాలి.

నట్టు మీద మనం ప్రయోగించే టార్కుకు, స్టడ్డులో కలిగే లాగుడుకు మధ్య ఘర్షణ ఉంటుంది. టార్కును ఘర్షణ గుణకంతోనూ, స్టడ్డు వ్యాసంతోనూ భాగిస్తే స్టడ్డులోని లాగుడు వస్తుందన్నది స్థూల సూత్రం. ఉదాహరణకు 8 మి.మీ. స్టడ్డు మీద 20 న్యూటన్ మీటర్ల టార్కు, 0.20 గుణకం అనుకుంటే లాగుడు 12,500 న్యూటన్లు. అదే మరకు నూనె పూసి గుణకం 0.15కు తగ్గితే, అదే టార్కుకు లాగుడు సుమారు 16,700 న్యూటన్లు అవుతుంది. అంటే మూడో వంతు ఎక్కువ. కనుక మర పొడిగా ఉండాలా, నూనెతో ఉండాలా అన్న సమాచారం లేకుండా ఇచ్చిన టార్కు సంఖ్య అసంపూర్ణం. “గట్టిగా బిగించండి” అని రాసే రచయిత పాఠకుడికి ఏమీ చెప్పనట్లే. ఆయా నమూనా పుస్తకంలోని సంఖ్యను, టార్కు రెంచిని అనుసరించడమే మార్గం.

7. టైమింగ్:

క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. ఈ సంబంధాన్ని నెలకొల్పడమే టైమింగ్. మాగ్నెట్ మీది “టి” గుర్తును ఇంజన్ మీది గుర్తుకు ఎదురుగా తెచ్చి, పిస్టన్‌ను పై కొసకు చేర్చాలి. క్యామ్ చక్రం మీది “ఓ” గుర్తును హెడ్డు మీది గాడికి ఎదురుగా ఉంచి, ఆ స్థితిలో చైనును, చక్రాన్ని బిగించాలి.

క్యామ్ చక్రానికి 28 పళ్లు ఉంటే, ఒక పన్ను తప్పడమంటే క్యామ్ 12.9 డిగ్రీలు, క్రాంకు లెక్కలో 25.7 డిగ్రీలు తప్పడం. అప్పుడు బండి స్టార్టు కావడమే కష్టం, అయినా లాగదు. పళ్లు మరిన్ని తప్పితే తెరుచుకున్న వాల్వును పిస్టన్ తాకి వంచవచ్చు. కాబట్టి ప్లగ్గు తీసి, క్రాంకును చేతితో దాని సహజ దిశలో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడాలి. మధ్యలో గట్టి అడ్డు తగిలితే అక్కడే ఆగాలి. చేతితో తిప్పినప్పుడు బయటపడిన తప్పును సరిచేయవచ్చు. కిక్కుతో బయటపడిన తప్పుకు కొత్త వాల్వులు కొనాలి.

8. ట్యాపెట్ ఖాళీ:

రాకరు కొనకు, వాల్వు కాడకు మధ్య ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వదిలే ఖాళీని ట్యాపెట్ ఖాళీ అంటారు. కబ్ తరహా ఇంజన్లలో ఇది 0.05 మి.మీ., అంటే మామూలు రాత కాగితం మందంలో సుమారు సగం. తరువాతి నమూనాలకు ఆయా పుస్తకాల్లోని సంఖ్యే ప్రమాణం. ఖాళీ మరీ తక్కువైతే వేడెక్కి పొడుగైన వాల్వు పూర్తిగా మూసుకోదు. పొగ వాల్వు తన వేడిలో చాలాభాగాన్ని పీఠం ద్వారానే వదిలించుకుంటుంది. మూసుకోకపోతే ఆ దారి తెగి అంచు కాలిపోతుంది. ఖాళీ ఎక్కువైతే టకటక శబ్దం వస్తుంది, వాల్వు తెరుచుకునే ఎత్తు తగ్గుతుంది. శబ్దం చేసే ట్యాపెట్‌ను వినియోగదారుడు ఫిర్యాదు చేస్తాడు. శబ్దం చేయని బిగువు ట్యాపెట్ మౌనంగా వాల్వును కాలుస్తుంది. వీటిలో రెండవదే ఎక్కువ హానికరం.

“టి” గుర్తు ప్రతి చుట్టులోనూ ఒకసారి వస్తుంది. కనుక ఖాళీని సరిచేసే ముందు రెండు రాకర్లూ వదులుగా కదులుతున్నాయో లేదో చూడాలి. కదలకపోతే క్రాంకును మరొక పూర్తి చుట్టు తిప్పాలి.

9. తొలి ప్రారంభం:

నూనె నింపి, ప్లగ్గు లేకుండా కొన్నిసార్లు కిక్కు కొడితే నూనె పైకి ప్రసరించడం మొదలవుతుంది. స్టార్టు చేశాక ట్యాపెట్ మూత ఒకటి తీసి, హెడ్డుకు నూనె చేరిందని చూడాలి. క్యామ్‌షాఫ్ట్‌కు నూనె అందకపోతే చేసిన పనంతా కొద్దిసేపటిలో వృథా అవుతుంది. కొత్త బోరు గోడ మీది సన్నని అడ్డగీతలు నూనెను నిలుపుతూ రింగులు గోడకు ఒదిగేలా చేస్తాయి. అందుకే తొలి రోజుల్లో అతివేగం, అధిక బరువు పనికిరావు. ఇంజన్ పూర్తిగా చల్లారాక ట్యాపెట్ ఖాళీని మరొకసారి చూడాలి.

10. పరిభాష గురించి ఒక పరిశీలన:

పాఠ్యపుస్తకాల్లో పిస్టన్‌కు ముషలకం, వాల్వుకు కవాటం అనే పదాలున్నాయి. భౌతికశాస్త్ర బోధనలో వాటికి స్థానం ఉంది. కానీ విడిభాగాల దుకాణంలో ముషలకం అడిగేవారు లేరు. మరోవైపు పట్టేయడం, బోరుకు రావడం, లాగకపోవడం, చెమ్మ రావడం వంటి తెలుగు క్రియలు యంత్ర స్థితులను చాలా నిర్దిష్టంగా చెబుతున్నాయి. అంటే వస్తువుల పేర్లు అరువు మాటలైనా, వాటి ప్రవర్తనను వర్ణించే భాష తెలుగే. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ వృత్తి పదకోశంతో ఆరంభించిన సంప్రదాయాన్ని మరమ్మతు షెడ్డుల వరకు పొడిగించాలంటే, నామవాచకాలతోపాటు ఈ క్రియలను కూడా సేకరించాలి.

11. ముగింపు:

1. ఇంజన్ పై భాగపు కూర్పు విప్పడానికి తలకిందులు మాత్రమే కాదు. కొలత, దిశ, బిగువు అనే మూడు నిర్ణయాలు అందులో అదనంగా ఉంటాయి.

2. ప్రతి దశ ముందు దశను కప్పేస్తుంది కనుక, భాగం కనిపించకుండా పోయే ముందే దాన్ని సరిచూడాలి.

3. రింగు ఖాళీ, హెడ్డు బిగువు, ట్యాపెట్ ఖాళీ వంటి కొలతల వెనుక వ్యాకోచం, పీడనం, ఘర్షణ అనే సరళమైన కారణాలున్నాయి. కారణం తెలిసిన శిష్యుడు నమూనా మారినా దారి తప్పడు.

4. సాంకేతిక రచనలో “కొంచెం”, “గట్టిగా”, “సరిపడా” వంటి మాటల స్థానంలో సంఖ్య, దాని షరతు రెండూ ఉండాలి.

5. గురువు పక్కన కూర్చుని నేర్చుకునే శిష్యుడికి చేతి బిగువు చేతి ద్వారానే అందుతుంది. పుస్తకం ఆ చేతికి బదులు కాలేదు. అయితే ఆ చేయి ఎందుకు అక్కడ ఆగిందో చెప్పగలదు. తెలుగులో ఇటువంటి రచన చేయవలసిన అవసరం అక్కడే ఉంది.